బండి ముచ్చట్లు: విలాయతి కారు కొనేముందు దాని కింద ఎవరు పడుకున్నారు?

పోయిన నెల ఈ పేజీలో ట్రాక్టర్ క్లచ్ గురించి రాస్తూ, మధ్యలో మా మేనల్లుడి ట్రయంఫ్ టీఆర్6 సంగతి రెండు వాక్యాల్లో చెప్పాను. వాడు డాలస్‌లో కూర్చుని, ఇంగ్లండ్‌లో ఉన్న డీలర్ దగ్గర ఫొటోలు చూసి పాత స్పోర్ట్స్ కారు కొన్నాడని, ఆ తప్పులో నాకూ సగం వాటా ఉందని. క్లచ్ గురించి ఒక్క ఉత్తరం రాలేదు. వచ్చినవన్నీ ఆ కారు గురించే. ఇరవై ఆరేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో బస్సుల కింద పడుకొని, తర్వాత పదిహేనేళ్లుగా వరంగల్‌లో ములుగు రోడ్డు మీద షెడ్డు నడుపుతున్న నన్ను విలాయతి కార్ల గురించి అడుగుతారని అనుకోలేదు. అడిగారు కాబట్టి ఈ నెల పేజీ మొత్తం వాటికే. ట్రాక్టర్ల వాళ్లు ఒక నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: అన్నా, పోయినసారి సగం చెప్పి వదిలేశారు. మీ మేనల్లుడి కారుకు అసలు ఏమైంది?
– ఒక పాఠకుడు, భీమారం, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, 2019 ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. "మామా, వాట్సాప్ చూడు" అన్నాడు. అరవై రెండు ఫొటోలు. ఎనుమాముల మార్కెట్లో చపాటా మిర్చి రాశి పోసినట్టు ఎర్రగా మెరుస్తున్న బండి. నల్ల సీట్లు, చెక్క డాష్‌బోర్డు, కడిగిన గిన్నెలాంటి ఇంజిన్.

టీఆర్6 అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1968 చివరి నుంచి 1976 దాకా తయారైన రెండు సీట్ల ఓపెన్ కారు. ఆరు సిలిండర్లు, 2498 సీసీ. అమెరికాకు పంపినవాటికి కార్బురేటర్లు పెట్టారు, 104 హార్స్ పవర్. ఇంగ్లండ్‌లో అమ్మినవాటికి లూకాస్ కంపెనీ పెట్రోల్ ఇంజెక్షన్ పెట్టారు, 150. మావాడికి ఆ 150 కావాలి. అమెరికాలో టీఆర్6లు కావలసినన్ని ఉన్నా సముద్రం దాటి కొనడానికి కారణం అదే. పాతికేళ్లు దాటిన బండ్లకు అమెరికా భద్రతా నిబంధనలు వర్తించవు కాబట్టి అటువైపు అడ్డం కూడా లేదు.

డీలర్ ప్రకటనలో "1972 మోడల్, 150 హార్స్ పవర్" అని ఉంది. నంబర్ ప్లేటు చివర ఎల్ అక్షరం. ఇంగ్లండ్‌లో ఆ కాలం నంబర్లకు చివరి అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఎల్ అంటే 1972 ఆగస్టు నుంచి 1973 జులై మధ్య రిజిస్టర్ అయిన బండి. సరిగ్గా ఆ మధ్యలోనే కంపెనీ ఇంజిన్ క్యామ్‌షాఫ్ట్ మార్చి పవర్ తగ్గించింది. అంతకుముందువాటి కమిషన్ నంబరు, అంటే ఫ్యాక్టరీ ఇచ్చే ఛాసిస్ నంబర్ లాంటిది, సీపీతో మొదలవుతుంది, అవి 150వి. తర్వాతివి సీఆర్‌తో మొదలవుతాయి, అవి 125వి. అంటే ఎల్ అక్షరం చూసి ఏదో చెప్పలేం. బండికి బిగించిన కమిషన్ నంబర్ ప్లేటు చూడాలి. అరవై రెండు ఫొటోల్లో ఆ ప్లేటు ఫొటో ఒక్కటి లేదు. బూట్ మూత మడత లోపలి నుంచి కూడా ఫొటో తీశారు, అది మాత్రం తీయలేదు. నాకు అప్పుడు తట్టలేదు. బస్సు కొనేటప్పుడు ఛాసిస్ నంబర్ పెన్సిల్ రుద్ది తీసుకునే మనిషిని, ఆ రాత్రి నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "పెయింట్ మంచిగుంది, కొను అల్లుడా."

ఏప్రిల్‌లో కంటైనర్ హ్యూస్టన్‌లో దిగింది. ప్లేటు మీద సీఆర్. మావాడు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు.

అది మొదటి దెబ్బ. రెండోది కింద ఉంది. 2022లో మేమిద్దరం డాలస్ వెళ్లినప్పుడు, సూట్‌కేసు విప్పకముందే నేను బండి కింద దూరాను. మా ఆవిడ "ఇంత దూరం వచ్చి కూడా బండి కిందనేనా" అని తల కొట్టుకుంది. వెనక చక్రాలను పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఛాసిస్‌కు బిగిసేచోట, తారులాంటి నల్లటి పూత మందంగా పూసి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పూత కింద రేకు ముక్కలు, వాటి కింద ఇంకో రేకు ముక్కలు. పాత తుప్పును కోసి తీయకుండా మీదనే వెల్డింగ్ పెట్టారు. పైన పటారం, లోన లొటారం.

మూడోది నేనే కనిపెట్టాను, దానికి కొంచెం గర్వపడతాను. ట్రయంఫ్ ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేవి సన్నటి థ్రస్ట్ వాషర్లు. అవి అరిగి ఆయిల్ చాంబర్లో రాలిపోవడం ఈ ఇంజిన్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. పరీక్ష సులువు. బండి ఆపి ఉండగా ఒకరు క్లచ్ తొక్కాలి, ఇంకొకరు ముందు క్రాంక్ పుల్లీని చూడాలి. మావాడు తొక్కాడు. పుల్లీ నా కళ్ల ముందే ముందుకు జరిగింది, వదలగానే వెనక్కి పోయింది. కనపడీ కనపడనంత కాదు, ఉత్త కంటికి తెలిసేంత. అప్పుడు చూశాం కాబట్టి వాషర్లతో పోయింది. ఇంకో వేసవి నడిపి ఉంటే ఇంజిన్ బ్లాక్‌కే వచ్చేది.

డీలర్‌ను అడగలేదా అంటే, అడిగాడు. "బండి మాది కాదు, ఓనర్ తరఫున అమ్మిపెట్టాం, ఉన్నది ఉన్నట్టు అమ్మాం" అని నాలుగు వాక్యాల మెయిల్ వచ్చింది. అసలు కోపం వచ్చింది మాత్రం తర్వాత తెలిసిన సంగతికి. ఇంగ్లండ్‌లో బండ్లకు ఏటేటా జరిగే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష చరిత్ర, 2005 నుంచి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. నంబర్ కొడితే చాలు. మావాడి బండికి చివరి పరీక్ష 2016లో. అందులో వెనక సస్పెన్షన్ దగ్గర తుప్పు అని స్పష్టంగా రాసి ఉంది. తర్వాత బండి రెండేళ్లు షెడ్డులో ఉంది. 2018 మేలో నలభై ఏళ్లు దాటిన బండ్లకు ఆ పరీక్ష అక్కర్లేదని నిబంధన మార్చారు. ఇంకేం, పూత పూసి బయటికి తీశారు. రెండు నిమిషాల పని, డాలస్‌లో వాడు చేయలేదు, హన్మకొండలో నేను చేయమనలేదు.

ఇప్పుడు బండి బాగానే నడుస్తుంది. 125 హార్స్ పవరే. వాడు దాన్ని అమ్మడు, నేను అమ్మమనను.

ప్రశ్న: సార్, మా అబ్బాయి లెస్టర్‌లో డాక్టరు. ఎంజీబీ అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, 1972 మోడల్, ఒకటి చూశాడు. డీలర్ షోరూమ్ లండన్ అవతల, కెంట్‌లో. ఆదివారంలోపు 2,000 పౌండ్లు పంపితే బండి ఆపుతానంటున్నాడు, లేకపోతే జర్మనీ వాళ్లు తీసుకుపోతారట. పంపమంటారా? అబ్బాయికి డ్యూటీల వల్ల వెళ్లే తీరిక లేదు.
– రిటైర్డ్ లెక్చరర్, సుబేదారి, హన్మకొండ

జవాబు: పంపొద్దండీ. మీరు అంగడిలో బర్రెను కొన్నా పళ్లు చూస్తారు, పాలు పిండి చూస్తారు, ఒక పూట ఆగి రెండో పూట పాలు కూడా చూస్తారు. 2,000 పౌండ్లంటే రెండు లక్షల పైమాటే. ఆ జర్మనీ వాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేను సెకండ్ హ్యాండ్ ఆటో బేరం చేసినప్పుడు కూడా "జనగామ పార్టీ వస్తున్నారు" అన్నారు.

లెస్టర్ నుంచి లండన్‌కు రైలు గంటా గంటంబావు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయినట్టే. అక్కడ రైలు మారి కెంట్ చేరొచ్చు. డ్యూటీ లేని ఒక్క రోజు చాలు. నిజంగా వీలుకాకపోతే ఎంజీ కార్ క్లబ్ అని 1930 నుంచి ఉంది, ఎంజీ ఓనర్స్ క్లబ్ అని 1973 నుంచి ఉంది. వాటిలో ఆ చుట్టుపక్కల ఉండే సభ్యులను అడిగితే ఈ బండ్లు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. లేదా డబ్బు తీసుకొని తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చే ఇంజినీర్లు ఉన్నారు. ఒక్కటే షరతు, ఆ ఇంజినీరును డీలర్ చూపించకూడదు. మీ అబ్బాయి వెతుక్కోవాలి.

వెళ్లినవాళ్లు ఏం చూడాలి? ఎంజీబీకి టీఆర్6లాగా విడిగా ఛాసిస్ ఉండదు. రేకు డబ్బాయే బండి బలం. అందులోనూ తలుపుల కింద పొడవుగా ఉండే సిల్స్ ముఖ్యం. అవి బయట ఒక రేకు, లోపల ఒకటి, కింద ఒకటి కలిపి చేసిన పెట్టెలాంటివి. లోపల నీళ్లు నిలిచి లోపలినుంచే తింటాయి. బయట రేకు కొత్తది వేసి రంగు కొడితే ఫొటోలో పెళ్లికొడుకులా ఉంటుంది. అందుకని బండికి జాకీ పెట్టే చోట జాకీ పెట్టించి లేపమనండి. చక్రం లేచాక ఆ వైపు తలుపు తెరిచి, మూయాలి. మామూలుగా పడితే మంచిదే. తలుపు పట్టేసినా, పై సందు కింది సందు తేడాగా మారినా, నమస్కారం చెప్పి రైలెక్కేయమనండి. డీలర్ "రంగు గీసుకుపోతుంది, జాకీ వద్దు" అంటే అదే జవాబు అనుకోవాలి.

చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి జేబులో వేసుకోమనండి. చక్రాల పైన, తలుపుల కింది అంచుల్లో తగిలిస్తే రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ పెట్టినచోట జారిపోతుంది. సీట్ల వెనక మూత తీసి బ్యాటరీల పెట్టెలు చూడాలి. ఆ కాలం ఎంజీబీలో ఆరు వోల్టులవి రెండు బ్యాటరీలు అక్కడుంటాయి, యాసిడ్ కారి కింద రేకు పోతుంది. సీటు వెనక ఉంది కదా అని ఎవరూ తొంగిచూడరు, అందుకే అక్కడ నిజం దొరుకుతుంది.

ఇంజిన్ గురించి నేను పెద్దగా భయపడను. 1798 సీసీ, మొండి ఇంజిన్, విప్పితే మళ్లీ బిగించగలిగేది. డబ్బు తినేది రేకు పనే.

ఇక కాగితాలు. నంబరుతో ఎంఓటీ చరిత్ర చూడండి, ఎందుకో పైన చెప్పాను. వీ5సీ అనే లాగ్‌బుక్ ఉంటుంది, మన ఆర్‌సీ లాంటిది. కానీ అది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. అందుకే ఒక ప్రశ్న సూటిగా అడగాలి, జవాబు రాతలో తీసుకోవాలి: బండి మీ సొంతమా, వేరేవాళ్ల తరఫున అమ్ముతున్నారా? దాని మీద అప్పు బాకీ ఉందేమో డబ్బు కట్టి చెక్ చేయించే సదుపాయం అక్కడ ఉంది. డీలర్ కంపెనీ పేరు, అక్కడ కంపెనీలను రిజిస్టర్ చేసే కంపెనీస్ హౌస్ రికార్డుల్లో ఉచితంగా వెతకొచ్చు, ఎప్పుడు పెట్టారో, డైరెక్టర్లు ఎవరో తెలుస్తుంది. వేరేవాళ్ల ఫొటోలు దొంగిలించి వెబ్‌సైట్ పెట్టి, అడ్వాన్సులు లాగి మాయమయ్యేవాళ్లు ఉన్నారు. కంపెనీ పేరు ఒకటి, డబ్బు వేయమన్న ఖాతా పేరు ఇంకొకటి అయితే అక్కడే ఆగిపోండి.

గేడన్ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఫ్యాక్టరీ పాత రిజిస్టర్లు వాళ్ల దగ్గరున్నాయి. డబ్బు కడితే హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. బండి ఏ రోజు తయారైంది, మొదట ఏ రంగు, ఇంజిన్ నంబర్ ఎంత, ఏ దేశానికి పంపారు అన్నది అందులో ఉంటుంది. చాలా ఎంజీబీలు అమెరికాకు ఎడమ స్టీరింగ్‌తో వెళ్లి, తర్వాత తిరిగొచ్చి కుడి స్టీరింగ్‌కు మారినవి. అందులో తప్పేమీ లేదు. అమెరికాలో ఎండ రాష్ట్రాల నుంచి వచ్చినవాటికి తుప్పు తక్కువ కూడా. కానీ చెప్పి అమ్మాలి, ఆ ధరకే అమ్మాలి.

చివరగా, మీ అబ్బాయి అక్కడ నివాసి, కొనేది డీలర్ దగ్గర, సొంతానికి. అలాంటప్పుడు 2015 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం బండిలో దాచిన లోపం బయటపడితే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. యాభై ఏళ్ల బండిలో ఏది లోపం, ఏది వయసు అన్నది వాదించుకోవాల్సిందే అనుకోండి. ప్రైవేటు మనిషి దగ్గర కొంటే ఆ హక్కు లేదు. మావాడికి డాలస్ నుంచి అది ఎంతవరకు పనికొచ్చేదో తేల్చుకోవడానికి లాయర్ ఫీజే బండి ధర సగం అడిగాడు.

ప్రశ్న: నేను సింగరేణిలో ఇంజినీరును. 1979 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లేదా 1970 ఎంజీబీ ఇంగ్లండ్ నుంచి తెప్పించుకొని మంచిర్యాలలో పెట్టుకోవాలని కోరిక. ఇప్పుడు పర్మిషన్ ఇస్తున్నారని విన్నాను. ఖర్చు ఎంత అవుతుంది?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: విన్నది సగం నిజం. మన దేశంలోకి మామూలు సెకండ్ హ్యాండ్ కారు తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. ఇంకో దారి వింటేజ్ బండ్లది. అది చాలాకాలం 1950 జనవరి 1కి ముందు తయారైనవాటికే ఉండేది. అంటే ఎంజీబీ, స్పిట్‌ఫైర్ రెండింటికీ తలుపు మూసే ఉంది, ఎందుకంటే రెండూ 1962లో పుట్టినవి. 2025 మొదట్లో దాన్ని తయారై 50 ఏళ్లు దాటినవాటికి అని మార్చారు. కాబట్టి 1970 ఎంజీబీకి దారి ఉంది. 1979 స్పిట్‌ఫైర్‌కు లేదు. అది సెకండ్ హ్యాండ్‌కు ముసలిది, వింటేజ్‌కు పడుచుది. 2029 దాకా ఆగాలి.

ఖర్చు చెబితే కోప్పడొద్దు. సుంకం వేసేది బండి ధర ఒక్కదాని మీద కాదు, ధరకు ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద. కస్టమ్స్ సుంకం, దాని మీద సెస్, ఆ మొత్తం మీద జీఎస్టీ. అన్నీ కలిపితే బండి విలువకు రెండు రెట్లు దాటుతుంది. 15,000 పౌండ్ల బండి, 2,500 పౌండ్లు రవాణా, ఇన్సూరెన్స్ అనుకుందాం. పౌండుకు 115 రూపాయల లెక్కన 20 లక్షలు. దాని మీద సుంకాలు 40 లక్షలు దాటుతాయి. మంచిర్యాల చేరేసరికి 60 లక్షల పైన. డీలర్ "బిల్లులో 6,000 అని రాసిస్తా" అంటాడు. ఒప్పుకోవద్దు. కస్టమ్స్ వాళ్లకు ఆ బండి ధర ఎంతో ఫోన్‌లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. బండి పోర్టులో నిలిచిపోతే రోజుకింత కిరాయి మీ నెత్తిన పడుతుంది. బండి కొనకముందే కస్టమ్స్ బ్రోకర్‌ను పట్టుకొని, మీ మోడల్, మీ సంవత్సరం, స్టీరింగ్ ఏ వైపో చెప్పి, వర్తించే షరతులు రాసివ్వమనండి. ఓడెక్కాక అడిగితే లాభం లేదు. డిక్కీలో స్పేర్ పార్టులు పెట్టి పంపమని డీలర్‌కు చెప్పకండి, జాబితాలో లేని ప్రతి వస్తువూ ఒక కొత్త తగువు.

ఇక రిజిస్ట్రేషన్. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద చేయించుకోవాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే కస్టమ్స్ దిగుమతి కాగితం, ఇన్సూరెన్స్ పెట్టి దరఖాస్తు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత రెన్యువల్ 5,000. నంబర్‌లో మన టీజీ తర్వాత వీఏ అని వస్తుంది. అంతా అయ్యాక మీరు దాన్ని రోజూ తోలుకోవడానికి లేదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోల్ పోయించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని రామప్పకు పోదామనుకుంటే, అది వింటేజ్ వాడకం కిందికి రాదు. పైగా రెండు సీట్ల బండి, ఇంటిల్లిపాదీ ఎట్లా ఎక్కుతారు?

ఇంత చదివాక కూడా కావాలనిపిస్తే మీరు నిజమైన పిచ్చివాళ్లు. అలాంటివాళ్లంటే నాకిష్టం. షెడ్డుకు రండి.

ప్రశ్న: అంకుల్, మా నాన్న అంబాసిడర్‌కు ఆయిల్ మార్చడం, ప్లగ్గులు చూడడం నేనే చేస్తాను. మా అన్న అక్కడ ఎంజీబీ కొంటున్నాడు. దానిదీ అంబాసిడర్ ఇంజినే అంటున్నాడు, నిజమేనా?
– మెకానికల్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నిజమే బిడ్డా, మీ అన్న అన్నది అక్కాచెల్లెళ్లంత నిజం. బీఎంసీ అనే ఇంగ్లండ్ కంపెనీ బీ సిరీస్ ఇంజిన్ కుటుంబం ఇద్దరికీ పుట్టిల్లు. మీ నాన్న బండి పెట్రోల్ పాతదైతే 1489 సీసీ, ఎంజీబీది అదే వంశంలో పెంచిన 1798 సీసీ. పుష్ రాడ్లు, టాపెట్ సెట్టింగ్, పాయింట్లు, అంగుళాల బోల్టులు, అన్నీ నీకు అలవాటైనట్టే ఉంటాయి. నీ అర అంగుళం పానా, తొమ్మిది బై పదహారు పానా అక్కడ కూడా పనిచేస్తాయి. అయితే పిస్టన్లు, బేరింగులు ఒకదానివి ఒకదానికి పట్టవు. 1964 చివర్లో ఎంజీబీ క్రాంక్‌కు మూడు మెయిన్ బేరింగులు పోయి ఐదు వచ్చాయి. మీ అన్నను అంతకు తర్వాతి బండి చూసుకోమను.

పార్టుల దిగులు లేదు. 5 లక్షలకు పైగా తయారైన కారు అది. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చులతోనే ఎంజీబీ బాడీ షెల్ మొత్తం కొత్తగా చేసి అమ్మారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది, దాని డోర్ రబ్బర్ కోసం నేను మొన్న నాలుగు ఊళ్లు ఫోన్ చేశాను. అంతకు 34 ఏళ్ల ముందు ఆగిపోయిన ఎంజీబీకి మాత్రం ఇంటికే పార్సిల్ వస్తుంది. నాకైతే ఇది కొంచెం కడుపుమంటే.

ప్రశ్న: దుబాయ్‌లో పనిచేస్తున్నాను. ముంబై ఏజెంట్ ఒకాయన జాగ్వార్ 'ఈ-టైప్' అనే పాత స్పోర్ట్స్ కారును కార్నెట్ మీద తెస్తాను, సుంకం ఉండదు, తర్వాత ఇక్కడి నంబర్ నేను చూసుకుంటా అంటున్నాడు.
– కోరుట్ల నుంచి

జవాబు: వద్దు. కార్నెట్ అనేది విదేశీ బండిని కొన్నాళ్లు తిప్పుకొని వెనక్కి తీసుకుపోవడానికి ఇచ్చే హామీ పత్రం. వెనక్కి పోకపోతే అది దొంగ సరుకు. ఇరవై ఏళ్ల తర్వాతైనా కస్టమ్స్ వాళ్లు వచ్చి బండి పట్టుకుపోతారు, అప్పుడు ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు. గల్ఫ్‌లో ఎండకు ఒళ్లు కాల్చుకొని దాచిన డబ్బు అది.

ప్రశ్న: మా నాన్నగారి మోరిస్ మైనర్ ఎండాకాలం ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు. ఈ మధ్య పెట్రోల్ వాసన కూడా వస్తోంది. ఇది ఇంగ్లండ్ కార్లకు మన ఎండ పడకపోవడమేనా?
– భూపాలపల్లి నుంచి

జవాబు: రెండు వేర్వేరు జబ్బులు. స్టార్ట్ కాకపోవడం ఎండదే. ఇంజిన్ ఆపాక ఆ వేడికి కార్బురేటర్‌లో పెట్రోల్ మరుగుతుంది. పావుగంట బానెట్ తెరిచి పెట్టండి, పెట్రోల్ పైపు సైలెన్సర్ గొట్టానికి ఆనకుండా జరిపించండి. వాసన మాత్రం పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్ వల్ల కావచ్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం కలిపినది. పాత రబ్బరు పైపులను అది మెత్తబెట్టి పగలగొడుతుంది. వాసన వస్తున్న బండిని ఈ రోజు నుంచి నడపకండి. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించండి, పంపు డయాఫ్రమ్ కూడా మార్పించండి. ట్యాంకు నింపి నెలల తరబడి ఆపొద్దు, ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకునేవాళ్లు కూడా ఇది రాసిపెట్టుకోండి. ఇంజెక్షన్ ఉన్న టీఆర్6 అయితే మరీ. దాని పాత లూకాస్ పంపు ఇంగ్లండ్ ఎండకే వేడెక్కి మొరాయిస్తుందని పేరు, మన మే నెలకు దండం పెడుతుంది. మావాడు డాలస్ ఎండకు తట్టుకోలేక బాష్ పంపు వేయించాడు.

ప్రశ్న: పెద్దన్నా, ఓపెన్ కారు అంటే చిన్నప్పటి నుంచి పిచ్చి. రిటైర్ అయ్యాక వచ్చిన డబ్బులో నాలుగైదు లక్షలకు మించి పెట్టలేను. విదేశాల నుంచి చవకలో ఏదైనా దొరుకుతుందా?
– గోదావరిఖని నుంచి

జవాబు: విదేశం నుంచి ఆ డబ్బుకు స్టీరింగ్ కూడా రాదు తమ్ముడూ. కానీ నీకు ఒక ముచ్చట చెప్తా. స్పిట్‌ఫైర్ అనే ఆ అందమైన ఓపెన్ కారు ఎవరి ఛాసిస్ మీద నిలబడిందో తెలుసా? ట్రయంఫ్ వాళ్ల హెరాల్డ్ అనే కారు ఛాసిస్‌ను పొట్టిగా చేసి దాని మీదే కట్టారు. రెండింటినీ గీసింది కూడా ఒక్కడే, ఇటలీ ఆయన మిచెలొట్టి. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. తర్వాత గజెల్ పేరుతో ఇంకొన్నేళ్లు వచ్చింది. మన తాలూకా డాక్టర్లు తోలిన బండే అది.

ఓపెన్ కారు కాదు, ఒప్పుకుంటా. కానీ ముందు బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వంగి తెరుచుకుంటుంది, చక్రం మీద కూర్చొని ఇంజిన్ పని చేసుకోవచ్చు. ఆ సుఖం జాగ్వార్ 'ఈ-టైప్'కు ఉంది, స్పిట్‌ఫైర్‌కు ఉంది, దీనికుంది. ఇరుకు సందులో కూడా ఒక్క తిప్పుడులో తిరుగుతుంది. కింద విడిగా ఛాసిస్ ఉంది కాబట్టి బాడీ ముక్కలు ముక్కలుగా విప్పి బాగుచేయొచ్చు. పాత ఆర్‌సీ ఉన్న బండి అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్‌లో దాని పాత నంబరే ఉంచుకోవచ్చు. ఆర్‌సీ లేదు, అఫిడవిట్ ఇస్తామంటే మాత్రం ముట్టుకోకు. వంకరలో వేగంగా తిప్పితే వెనక చక్రాలు లోపలికి మడుచుకుంటాయి, అదొక్కటి గుర్తుంచుకో.

హుజూరాబాద్ అవతల ఒక పల్లెలో, చింతచెట్టు కింద, టార్పాలిన్ కప్పిన హెరాల్డ్ ఒకటి ఉందని మా షెడ్డు పిల్లవాడు చెప్పాడు. కాగితాలు ఉన్నాయట. ఫొటో పంపాడు, రంగు బాగానే కనిపిస్తోంది. అందుకే నేనింకా ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం పొద్దున బయలుదేరుతున్నా. నువ్వూ రా. పాత చొక్కా వేసుకొని రా, కింద పడుకోవాలి.